కొత్త రెస్టారెంట్‌కి టేబుళ్ళు కుర్చీలు కొనేముందు లేఅవుట్ ఎలా వేసుకోవాలి

కొత్తగా రెస్టారెంట్ పెడదామనుకునేవాళ్ళలో చాలామంది జాగా ఫైనల్ కాగానే ఫోన్‌లో కుర్చీల ఫొటోలు చూడటం మొదలుపెడతారు. కుర్చీలు ఆఖర్న చూసుకోవాల్సినవి అండీ. ఎన్ని సీట్లు పడతాయి అన్న లెక్క కూడా రెండో పనే. మొదట తేల్చుకోవాల్సింది హాల్లో ఎవరు ఎటునుంచి ఎటు నడుస్తారు అని. కస్టమర్ తలుపు దగ్గర్నుంచి సీటుకి, సీటు నుంచి వాష్‌రూమ్‌కి, వెయిటర్ కిచెన్ నుంచి టేబుల్‌కి, తిన్న ప్లేట్లు టేబుల్ నుంచి కడిగే చోటుకి, పార్సిల్ కోసం వచ్చినవాళ్ళు కౌంటర్‌కి, ఇలా ఈ దారులన్నీ కాగితం మీద గీసుకున్నాక మిగిలిన జాగాలోనే టేబుళ్ళు పెట్టాలి. ముందు టేబుళ్ళు నింపేసి తర్వాత దారి వెతుక్కుంటే, హాలు ఖాళీగా ఉన్నప్పుడు బానే కనిపిస్తుంది, అన్ని కుర్చీల్లో మనుషులు కూర్చున్న రోజే తెలుస్తుంది వెయిటర్‌కి కాలు పెట్టే చోటు లేదని.

ముందు టేపు పట్టుకుని కొలతలు

బిల్డర్ ఇచ్చిన ప్లాన్ మీద ఆధారపడొద్దు, ప్లాస్టరింగ్ అయ్యాక, టైల్స్ వేశాక గోడకీ గోడకీ మధ్య ఎంత మిగిలిందో మీరే కొలుచుకోండి. ఒక్క పొడవు వెడల్పు కాదు, స్తంభాలు ఎక్కడున్నాయి వాటి మందం ఎంత, ప్రతి తలుపూ ఎటు తెరుచుకుంటుంది తెరిస్తే ఎంత చోటు తినేస్తుంది, కిటికీ కింది అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది (టేబుల్ కంటే కిందుంటే ఒకలా, పైనుంటే ఒకలా ప్లాన్ చేయాలి), ఏసీ గాలి సరిగ్గా ఎక్కడ పడుతుంది, ప్లగ్ పాయింట్లు, స్విచ్ బోర్డులు, ఎలక్ట్రికల్ ప్యానెల్, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, నేల ఏమైనా వాలుగా ఉందా, మెట్టు ఉందా, అన్నీ రాసుకోవాలి. నేల వాలు ఎవరూ పట్టించుకోరు గానీ తర్వాత టేబుళ్ళు ఊగేది అందుకే.

ఇదంతా గ్రాఫ్ పేపర్ మీద స్కేలుకి గీయండి, అడుగుకి పావు అంగుళం చొప్పున వేసుకుంటే పని సులువు. అదే స్కేల్లో టేబుళ్ళూ కుర్చీలూ అట్టముక్కలుగా కత్తిరించుకుంటే అటూ ఇటూ జరుపుతూ చూసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ వచ్చినవాళ్ళు అందులో చేసుకోండి కానీ ఆ త్రీడీ బొమ్మల్లో కుర్చీలన్నీ టేబుల్ లోపలికి తోసేసి ఉంటాయి, మనుషులు ఉండరు, అది చూసి మోసపోవద్దు. అట్టముక్కలతో చేసినా సాఫ్ట్‌వేర్‌లో చేసినా కుర్చీని ఎప్పుడూ మనిషి కూర్చున్నట్టు బయటికి లాగి పెట్టే గీయాలి, లేఅవుట్ మొత్తంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే.

ఎన్ని సీట్లు పడతాయి

మొత్తం జాగాలో 60 శాతం డైనింగ్‌కి, 40 శాతం కిచెన్, స్టోర్ వగైరాకి అని ఒక మోటు లెక్క అందరూ చెప్తారు, అది మొదలుపెట్టడానికి మాత్రమే పనికొస్తుంది, మీ మెనూని బట్టి కిచెన్ చిన్నదీ అవ్వొచ్చు పెద్దదీ అవ్వొచ్చు. డైనింగ్ హాల్ వరకు తీసుకుంటే, నింపాదిగా కూర్చుని తినే ఖరీదైన చోటుకి సీటుకి 18 నుంచి 20 చదరపు అడుగులు, మామూలు ఫ్యామిలీ రెస్టారెంట్‌కి 12 నుంచి 15, త్వరగా తిని వెళ్ళిపోయే చోటుకి 11 నుంచి 14 వేసుకుంటారు. ఇందులో మధ్య దారులు కూడా కలిసే ఉంటాయి కానీ వెయిటింగ్ ఏరియా, వాష్‌రూమ్‌లు ఉండవు, వాటిని ముందే తీసేసి లెక్క కట్టాలి.

30 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు హాలు అనుకోండి, 720 చదరపు అడుగులు. సీటుకి 15 వేసుకుంటే 48 సీట్లు, 18 వేసుకుంటే 40, లాగి లాగి 12 కి తెస్తే 60. ఆ 60 చూడగానే ఓనర్ కళ్ళు మెరుస్తాయి, సహజం. కానీ ఆ 60 నిండే టైమ్ రోజులో ఎంతసేపు, ఒకేసారి అంతమందికి వండి పంపే కెపాసిటీ మీ కిచెన్‌కి ఉందా అన్నది ముందు అడుక్కోవాలి. కిచెన్ 40 మందికే సరిపోతే మిగతా 20 సీట్లు ఆర్డర్ ఇచ్చి ఎదురుచూసేవాళ్ళతో నిండుతాయి, వాళ్ళే రివ్యూలు రాసేది. ఇంకోటి, ఫైర్ డిపార్ట్‌మెంట్‌వాళ్ళు హాల్లో గరిష్టంగా ఎంతమంది ఉండొచ్చో వాళ్ళ లెక్క వాళ్ళకి ఉంటుంది, ఆ రూల్ మీ ఊళ్ళో ఏంటో కనుక్కుని ఆ నంబర్ దాటకుండా చూసుకోవాలి, ఎమర్జెన్సీ తలుపుకి అడ్డంగా ఒక్క కుర్చీ కూడా ఉండకూడదు, తాత్కాలికంగా కూడా.

దారులకి ఎంత వదలాలి

మెయిన్ దారి, అంటే గుమ్మం నుంచి లోపలికీ, కిచెన్ నుంచి హాల్లోకీ వెళ్ళేది, 42 నుంచి 48 అంగుళాలు ఉంటే ఇద్దరు ఎదురెదురు వచ్చినా తప్పుకుంటారు. మిగతా చోట్ల వెయిటర్ ప్లేట్లు పట్టుకుని తిరగాలంటే 36 కావాలి. ఈ కొలత గోడ నుంచి టేబుల్ దాకా కాదు, మనిషి కూర్చున్న కుర్చీ వీపు దగ్గర్నుంచి కొలవాలి. టేబుల్ అంచు నుంచి కూర్చున్న కుర్చీ వెనక దాకా 18 నుంచి 20 అంగుళాలు పోతుంది, లేచేటప్పుడు ఇంకాస్త వెనక్కి జరుగుతుంది. అందుకని రెండు వరసల వాళ్ళు వీపులు ఆనించినట్టు కూర్చునే చోట టేబుల్ అంచుకీ టేబుల్ అంచుకీ మధ్య 54 అంగుళాలు పెడితే, రెండు కుర్చీలకి 36 పోగా 18 మిగులుతుంది, అందులో ఒక మనిషి పక్కకి తిరిగి జరుగుతూ పోవాలి. కస్టమర్ లేచి వెళ్ళడానికి సరే, వెయిటర్ తిరగడానికి చాలదు. వేడి ప్లేట్లతో తిరిగే దారైతే 72 దాకా పెట్టుకోండి, అంత వదల్లేకపోతే ఆ సందులోకి వెయిటర్ వెళ్ళాల్సిన పని లేకుండా అవతలి వైపు నుంచి వడ్డించేలా చూసుకోండి.

వీల్‌చైర్‌లో వచ్చేవాళ్ళకి దారి 36 అంగుళాలు, తిరగడానికి 60 అంగుళాల వృత్తం, టేబుల్ కింద మోకాళ్ళు పట్టడానికి 27 అంగుళాల ఎత్తు ఖాళీ కావాలి. ఇలాంటి టేబుల్ ఎక్కడో మూల వాష్‌రూమ్ పక్కన ఒకటి పడేసి అయిపోయిందనిపించొద్దు, నాలుగు చోట్ల ఉంటే వాళ్ళూ మిగతావాళ్ళలాగే నచ్చిన చోట కూర్చుంటారు. ఈ దారులే స్ట్రోలర్లకీ, కర్రతో నడిచే పెద్దవాళ్ళకీ కూడా పనికొస్తాయి కాబట్టి ఆ చోటు వేస్ట్ అని అనుకోవాల్సిన అవసరం లేదు.

నలుగురి టేబుళ్ళ మోజు

డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. 48 సీట్ల హాలుకి నలుగురు కూర్చునేవి 12 టేబుళ్ళు వేసేస్తారు, చూడ్డానికి వరసగా నీట్‌గా ఉంటుంది. ఇప్పుడు ఇద్దరిద్దరు చొప్పున 12 జంటలు వచ్చాయి అనుకోండి, హాలు ఫుల్లు, లోపల మనుషులు 24. బయట జనం నిలబడి ఉంటారు, లోపల సగం కుర్చీలు ఖాళీ. అదే 48 సీట్లని ఇద్దరివి 12, నలుగురివి 6 గా వేస్తే అదే 12 జంటలు కూర్చున్నాక కూడా నలుగురి టేబుళ్ళు 6 మిగులుతాయి.

మీ దగ్గరికి ఎలాంటివాళ్ళు వస్తారో దాన్ని బట్టి ఈ పాళ్ళు మారతాయి, ఆఫీసుల మధ్య ఉంటే లంచ్‌కి ఇద్దరు ముగ్గురు, ఇళ్ళ మధ్య ఉంటే వీకెండ్‌లో ఆరుగురు ఎనిమిదిమంది. ముందే తెలీదు కాబట్టి కలపగలిగే టేబుళ్ళు తీసుకోవడం తెలివైన పని. ఇద్దరి టేబుల్ 24 అంగుళాలు బై 30 తీసుకుని రెంటిని పక్కపక్కన జతచేస్తే 48 బై 30 అవుతుంది, అది సరిగ్గా నలుగురి టేబుల్ సైజే. మూడు కలిపితే 72, ఆరుగురికి. అయితే అన్నిటి ఎత్తూ పై పలక మందమూ ఒకటే ఉండాలి, రెండు వేరువేరు కంపెనీలవి కొంటే అర అంగుళం తేడా వచ్చి జాయింట్ దగ్గర గ్లాసు ఒరిగిపోతుంది. మనిషికి టేబుల్ అంచు పొడవునా 24 అంగుళాలు లెక్క, మోచేతులు తగలకుండా తినడానికి అది కావాలి.

గుండ్రటి టేబుళ్ళు మాట్లాడుకోడానికి బావుంటాయి, 48 అంగుళాల రౌండ్‌కి నలుగురైదుగురు, 60 అంగుళాలదానికి ఎనిమిదిమంది దాకా పడతారు, కానీ వాటిని కలపలేం, మూలల్లో జాగా తినేస్తాయి. హాలు మొత్తానికి ఒకటో రెండో చాలు. చదరపు టేబుళ్ళని మాత్రం 45 డిగ్రీలు తిప్పి డైమండ్‌లాగా పెట్టి చూడండి, కుర్చీల వీపులు ఒకదానికొకటి ఎదురుపడకుండా సందుల్లోకి సర్దుకుంటాయి, చాలా హాళ్ళలో అంతే జాగాలో కాస్త ఊపిరాడుతుంది.

గోడల పక్కన బెంచీలు, బూత్‌లు

మనుషులకి వీపు వెనక ఏదో ఒకటి ఉంటే నిశ్చింత, గోడో, పార్టిషనో, ఎత్తు సోఫానో. ఖాళీ హాల్లోకి వచ్చినవాళ్ళు ఎక్కడ కూర్చుంటారో ఏ రెస్టారెంట్‌లోనైనా కాసేపు గమనించండి, ముందు కిటికీ పక్కన, తర్వాత గోడల పక్కన, మూలల్లో, చివరికి వేరే దారి లేకపోతే హాలు నడిమధ్య. అందుకే మధ్యలో ఛాతీ ఎత్తు పార్టిషనో మొక్కల కుండీల వరసో వేస్తే కొత్తగా కొన్ని గోడ పక్క సీట్లు పుట్టుకొచ్చినట్టే.

గోడ పొడవునా ఒకే పెద్ద బెంచీ వేసి దాని ముందు ఇద్దరి టేబుళ్ళు వరసగా పెట్టి అవతల కుర్చీలు వేయడం నాకు బాగా నచ్చే పద్ధతి, ఎందుకంటే ఇద్దరొచ్చినా పదిమందొచ్చినా టేబుళ్ళు జరుపుకుంటే సరిపోతుంది. ఇందులో తిరకాసంతా టేబుల్‌కీ టేబుల్‌కీ మధ్య గ్యాప్. బెంచీ వైపు కూర్చునేవాళ్ళు ఆ సందులోంచే లోపలికి వెళ్ళాలి కాబట్టి 12 అంగుళాలకి తగ్గకూడదు, 15 నుంచి 18 ఉంటే మర్యాదగా ఉంటుంది. మనుషుల మధ్య దూరాల మీద పనిచేసిన ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ ఆంత్రోపాలజిస్ట్ 1966 లోనే చెప్పాడు, 18 అంగుళాల లోపు దూరం అనేది బాగా దగ్గరివాళ్ళకి మాత్రమే ఇచ్చే చోటు అని. పరాయివాళ్ళ మోచెయ్యి అందులోకి వస్తే బయటికి ఏమీ అనరు గానీ రెండోసారి రారు. జంటలు ఎక్కువగా వచ్చే చోటైతే ఈ గ్యాప్ విషయంలో అస్సలు పిసినారితనం చూపించొద్దు.

బూత్‌లకి, అంటే ఎదురెదురు సోఫాలు మధ్యలో టేబుల్, ఒక సోఫా వీపు నుంచి ఎదుటి సోఫా వీపు దాకా సుమారు 66 అంగుళాలు వేసుకోండి. జనం ముందు అవే అడుగుతారు, అది నిజం. కానీ అవి నేలకి పాతుకుపోతాయి, ఐదో మనిషి వస్తే దారిలో కుర్చీ వేయాల్సొస్తుంది, ఇద్దరే వచ్చి కూర్చున్నా నాలుగు సీట్లు పోయినట్టే. మొత్తం సీట్లలో మూడో వంతుకి మించి బూత్‌లు వద్దు అని నా అభిప్రాయం. బూత్‌లో టేబుల్‌కి నాలుగు మూలలా కాళ్ళుంటే లోపలికి జరగడం నరకం, మధ్యలో ఒకే స్తంభం ఉండేదో గోడకి బిగించేదో తీసుకోండి.

ఎవరూ కూర్చోని సీట్లు

ప్రతి హాల్లో నాలుగైదు దరిద్రపు చోట్లు ఉంటాయి: వాష్‌రూమ్ తలుపు ఎదురుగా, కిచెన్ తలుపు పక్కన, ఏసీ గాలి సూటిగా నెత్తిన పడే చోట, గుమ్మం తెరిచిన ప్రతిసారీ ఎండో చలిగాలో కొట్టే చోట, స్తంభం ఎదురు. ప్లాన్ మీద అవన్నీ మామూలు సీట్లలాగే కనిపిస్తాయి. అక్కడ టేబుల్ పెట్టి కస్టమర్‌ని ఒప్పించే బదులు ఆ చోటుని వేరే పనికి వాడుకోండి. కిచెన్ తలుపు పక్కన వెయిటర్ల సైడ్ స్టేషన్ పెట్టొచ్చు, నీళ్ళు గ్లాసులు స్పూన్లు నాప్‌కిన్లు అక్కడుంటే వాళ్ళు ప్రతిదానికీ లోపలికి పరిగెత్తరు. 20 నుంచి 30 సీట్లకి ఒక చిన్న స్టేషన్ చొప్పున వేసుకోవడం మామూలు లెక్క. స్తంభం చుట్టూ అల్మారా కట్టి పిల్లల హైచైర్లు దాచుకోవచ్చు. వాష్‌రూమ్ తలుపు ఎదురుగా అయితే అడ్డంగా ఒక పార్టిషన్, అంతే. కొన్ని సీట్లకి కుర్చీ ముఖం అటునుంచి ఇటు తిప్పితే చాలు సమస్య పోతుంది.

కిచెన్ తలుపు గురించి ఇంకో మాట. వెళ్ళేదానికీ వచ్చేదానికీ రెండు తలుపులు ఉంటే మంచిది, ఒకటే ఉంటే కనీసం ఆ తలుపుకి ముఖం ఎత్తులో అవతలివైపు కనిపించే గాజు పలక పెట్టించండి, లేదంటే అవతలినుంచి ట్రే పట్టుకుని వచ్చేవాడిని ఇవతలివాడు గుద్దుతాడు. తలుపు ముందు అయిదడుగులు ఖాళీ ఉండనివ్వండి.

పార్సిల్, డెలివరీ బాయ్‌ల సంగతి ముందే ఆలోచించండి. వాళ్ళు నిలబడటానికి గుమ్మం దగ్గరే పక్కగా ఒక షెల్ఫ్, ఒక బెంచీ లేకపోతే తినేవాళ్ళ తల మీద నిలబడి ఫోన్ చూసుకుంటూ ఉంటారు, అప్పుడు ముందు వరస టేబుళ్ళలో కూర్చుని తినడం రద్దీ బస్సులో సీటు దొరికినట్టే ఉంటుంది.

ఎత్తులు, కాళ్ళు, గుడ్డ

మామూలు టేబుల్ ఎత్తు 28 నుంచి 30 అంగుళాలు, కుర్చీ సీటు 17 నుంచి 19, రెంటికీ మధ్య 10 నుంచి 12 తేడా ఉండాలి. మెత్తటి సీటైతే కూర్చోగానే కిందికి దిగుతుంది కాబట్టి ఆ దిగిన ఎత్తు కొలవండి. బార్ టేబుల్ 40 నుంచి 42 ఉంటే స్టూల్ 28 నుంచి 30. చేతులున్న కుర్చీ నచ్చితే ఆ చేతులు టేబుల్ కిందికి దూరతాయా చూసుకోండి, దూరకపోతే రాత్రీ పగలూ అది దారిలోనే ఉంటుంది, పైగా ఒక్కోటి వెడల్పు కూడా ఎక్కువ తింటుంది.

టేబుల్ కాళ్ళకి అడుగున తిప్పి సరిచేసుకునే లెవెలింగ్ స్క్రూలు ఉన్నవే తీసుకోండి, ఊగే టేబుల్ కింద మడతపెట్టిన కాగితం పెట్టే రెస్టారెంట్ అనిపించుకోవద్దు. పైన రాయి పలక వేయాలనుకుంటే జరపడం కష్టం అని గుర్తుపెట్టుకోండి, కలిపే టేబుళ్ళకి లామినేట్ పలకే మేలు. సోఫా గుడ్డ ఇంటికి వాడేది కాకుండా కమర్షియల్‌ది అడగండి, డబుల్ రబ్స్ అని ఒక అరుగుదల టెస్ట్ నంబర్ ఉంటుంది, 30,000 పైన ఉంటే బాగా రద్దీ చోట్లకి తగినట్టు.

వేలాడే లైట్లు టేబుల్ పైనుంచి 30 నుంచి 36 అంగుళాల ఎత్తులో ఉంటే ముఖం కనిపిస్తుంది, కంట్లో పడదు. అయితే ఎలక్ట్రీషియన్ లేఅవుట్ కంటే ముందే పాయింట్లు పెట్టేస్తే తర్వాత టేబుళ్ళు లైట్ల కిందికి వెతుక్కుంటూ వెళ్ళాల్సి వస్తుంది. జరిపే టేబుళ్ళ మీద వేలాడే లైట్లు వద్దు, టేబుల్ జరిపిన రోజు ఆ లైటు దారి మధ్యలో నెత్తికి తగులుతుంది.

ఆర్డర్ పెట్టేముందు నేల మీద వేసి చూడటం

ఖాళీ హాల్లో మాస్కింగ్ టేపుతో ప్రతి టేబుల్ నేల మీద అంటించండి, దొరికిన కుర్చీలు, అట్టపెట్టెలు వేసి నలుగురిని కూర్చోబెట్టండి. ఒకరు పెద్ద ట్రేలో నీళ్ళ గ్లాసులు పెట్టుకుని కిచెన్ తలుపు నుంచి చివరి టేబుల్ దాకా వెళ్ళి రావాలి, ఇంకొకరు అదే టైమ్‌లో వాష్‌రూమ్‌కి లేవాలి. ఎక్కడ ఇద్దరూ ఆగిపోయారో అక్కడ టేబుల్ జరపండి, జరపడానికి చోటు లేకపోతే తీసేయండి. తర్వాత మీరు ఒక్కో సీట్లో కూర్చుని ఎదురుగా ఏం కనిపిస్తుందో చూడండి, చెత్తబుట్ట కనిపించే సీటు ఒక్కటైనా బయటపడుతుంది. ఇది ఒక పూట పని, టేపు ఖర్చు తప్ప ఏమీ లేదు, అయినా చాలామంది చేయరు ఎందుకో మరి.

ఆర్డర్ పెట్టేటప్పుడు ఒక టేబుల్, రెండు కుర్చీలు శాంపిల్ తెప్పించుకుని గంటసేపు కూర్చుని చూశాకే మిగతావి చెప్పండి. చేయించే సోఫాలు మీ గుమ్మంలోంచీ లిఫ్ట్‌లోంచీ లోపలికి పడతాయో లేదో ముందే కొలిచి కార్పెంటర్‌కి చెప్పాలి. కుర్చీలు పదికి ఒకటి చొప్పున ఎక్కువ తీసుకోండి, విరిగినప్పుడు అదే మోడల్ దొరక్కపోవచ్చు. టేబుళ్ళు మాత్రం తక్కువతో మొదలుపెట్టండి, లెక్కలో 48 సీట్లు వస్తే 40 తో తెరిచి మొదటి నెలంతా ఏ టేబుల్ ముందు నిండుతుంది, ఏది ఆఖరిదాకా ఖాళీగా ఉంటుంది, ఎంతమంది గుంపులుగా వస్తున్నారు అని రాసుకుంటే మిగతా ఎనిమిదీ ఇద్దరివి కావాలా నలుగురివి కావాలా అనేది ఆ కాగితమే చెప్తుంది.

టేబుల్ నంబర్లు కూడా ఇప్పుడే ఆ ప్లాన్ మీదే వేసేయండి, గుమ్మం ఎడమ పక్కనుంచి మొదలుపెట్టి ఒక వరసకి 11, 12, 13, తర్వాత వరసకి 21, 22 అలాగ. మధ్యలో కొత్త టేబుల్ వేసినా ఆ వరస చివర నంబర్ ఇచ్చుకోవచ్చు, బిల్లింగ్ మిషన్లో పాతవి మార్చక్కర్లేదు, కొత్తగా చేరిన వెయిటర్ కూడా 23 ఎక్కడుంటుందో ఎవర్నీ అడక్కుండానే వెళ్ళిపోతాడు.